జీడి అనే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాశీబుగ్గ. రైల్లో ఎదురుసీటులో కూర్చున్నవాళ్ళకి ఊరి పేరు చెబితే "పలాస పక్కనేనా, అయితే జీడిపప్పు కిలో ఎంత?" అని మొదలుపెడతారు. ధర మాట అయ్యాక అసలు ప్రశ్నలు వస్తాయి. కాజూ, జీడి ఒకటేనా? క్యాషూ అంటే క్యాష్ నుంచి వచ్చిందా? జాతరలో అమ్మే జీళ్ళకీ దీనికీ ఏం సంబంధం? చాలా ఏళ్ళుగా వింటున్న ప్రశ్నల్ని, నేను ఇస్తూ వచ్చిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట పెట్టాను.

జీడి అంటే జీడిపప్పే కదా, ఇంకేముంది?

ఇప్పుడు అలాగే అనుకుంటున్నాం. కానీ ఆ పప్పు మన దేశానికి రాకముందే జీడి అనే మాట తెలుగులో ఉంది. అసలు జీడి అంటే నల్లజీడి. అడవుల్లో పెరిగే చెట్టు, నల్లగా నున్నగా ఉండే చిన్న కాయ. గింజ తొక్కలో చిక్కటి సొన ఉంటుంది. బట్టకి తగిలితే నల్లటి మరక పడుతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది.

ఈ మరకనే రజకులు పనికి వాడుకున్నారు. పది ఇళ్ళ బట్టలు ఒకే రేవులో ఉతికితే ఎవరివి ఎవరివో తెలియాలి. కాయలో పుల్ల గుచ్చి, పంచె అంచు మీద చుక్కో గీతో పెట్టి, సున్నం అద్దేవాళ్ళు. మా తాతగారి పాత పంచె ఒకటి చాలా కాలం ట్రంకుపెట్టెలో ఉండేది. అంచు మూలన మూడు చుక్కలు, ఒక అడ్డగీత. బట్ట పసుపెక్కి చిరుగులు పట్టింది గానీ ఆ చుక్కలు మాత్రం నిన్న పెట్టినట్టే ఉండేవి. వృక్షశాస్త్రంలో ఆ చెట్టుకి సెమికార్పస్ అని పేరు. గ్రీకులో గుర్తు, కాయ అనే రెండు మాటలు కలిపి చేశారు. గుర్తుపెట్టే కాయ అన్నమాట. మన రేవుల్లో జరిగిన పనే దాని శాస్త్రీయనామం అయింది.

సంస్కృతంలో దీన్ని భల్లాతకి అంటారు. అమరకోశం మరో రెండు పేర్లు కూడా చెబుతుంది: అరుష్కరం, అగ్నిముఖి. పుండ్లు చేసేది, నిప్పు నోటిది. పేరు పెట్టినవాళ్ళ చేతులు ఒకసారైనా కాలి ఉంటాయనిపిస్తుంది నాకు.

అయితే మనం తినే జీడిపప్పు ఎక్కడిది?

బ్రెజిల్ ఈశాన్య తీరానిది. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో పడమటి తీరానికి, గోవా, కేరళ ప్రాంతాలకి తెచ్చారు. ఇసుక నేలలో, ఉప్పుగాలిలో కూడా బతుకుతుంది కాబట్టి తీరం వెంబడే పాకింది. మన శ్రీకాకుళం తీరాన ఉన్న ఉద్దానం నేల దానికి సరిగ్గా సరిపోయింది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో కొబ్బరి, పనస, జీడి పక్కపక్కనే పెరగడం చూస్తే ఇవన్నీ ఆదినుంచీ ఇక్కడివే అనుకుంటారు ఎవరైనా.

కొత్త చెట్టు వచ్చింది. ఆకూ పూతా చూస్తే మామిడిని గుర్తుచేస్తోంది. గింజ తొక్క కొరికితే నల్లజీడిలా కాలుస్తోంది. అందుకే మనవాళ్ళు జీడిమామిడి అన్నారు. కింద ముంతలా వేలాడే పండుని చూసి కొన్ని జిల్లాల్లో ముంతమామిడి అన్నారు. మావైపు జీడి అంటే చాలు.

శాస్త్రం ప్రకారం ఆ పేరు తప్పు కాదా? మామిడికీ దానికీ ఏం సంబంధం?

తప్పు కాదు సరికదా, ఆశ్చర్యం వేసేంత ఒప్పు. మామిడి, నల్లజీడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం చెట్లు. అంబాళం, పిస్తా కూడా ఆ కుటుంబమే. మామిడికాయ కోసినప్పుడు ముచ్చిక దగ్గర కారే సొన పెదవికి తగిలితే పుండు పడుతుంది కదా, జీడిపిక్క, అంటే గింజ, దాని తొక్కలో ఉన్న నూనె కూడా అదే జాతి రసాయనం, దానికంటే చాలా ఘాటు. ప్రయోగశాల లేకుండా, ఆకుని చూసి, పూత వాసన చూసి, సొన తగిలిన చోట మంట చూసి మనవాళ్ళు దాని ఇద్దరు దగ్గరి చుట్టాల్ని పట్టుకుని పేరులో కలిపేశారు. ఈ ఒక్క సంగతి చెప్పడానికే నేను ఎంతమందినైనా కూర్చోబెడతాను.

కాజూ హిందీ మాటేనా?

హిందీ, మరాఠీ, కొంకణి, ఒడియా, సింహళం అన్నింట్లోనూ కాజూయే. కానీ వీటిలో ఏ భాషదీ కాదు. పోర్చుగీసువాళ్ళ కజు నుంచి వచ్చింది. వాళ్ళూ దాన్ని బ్రెజిల్ తీరంలో ఉండే తుపీ జనం దగ్గర నేర్చుకున్నారు. తుపీ భాషలో ఆ పండు అకజు.

ఆ భాషలో అకజు అంటే సంవత్సరం అని కూడా అర్థం ఉంది. చెట్టు ఏడాదికి ఒకసారి కాస్తుంది కాబట్టి వయసుని అలా లెక్కపెట్టుకున్నారు. నీకెన్ని అకజులు అంటే నువ్వు పుట్టాక ఎన్ని జీడికాపులు చూశావని. మనం వత్సరానికి ముందు రుతువుల్ని, వానల్ని లెక్కపెట్టుకున్నట్టే. స్వీటు షాపులో "కాజూ బర్ఫీ పావుకిలో" అని అడిగే ప్రతిసారీ మన నోట తుపీ మాట పలుకుతున్నామని తెలిస్తే ఆ బర్ఫీ మీద గౌరవం పెరగదూ?

క్యాషూ అనే ఇంగ్లీషు మాట క్యాష్ నుంచి వచ్చిందంటారు. ఖరీదెక్కువ కాబట్టి అని.

కాదు. అదీ అకజు బిడ్డే, మొదట్లో ఉన్న అచ్చు రాలిపోయింది. డబ్బు అనే అర్థమున్న క్యాష్ వేరే, పెట్టె అని అర్థమొచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. ఇంగ్లీషులో చిన్న నాణేన్ని కూడా క్యాష్ అనేవాళ్ళు, అదైతే తమిళం కాసు నుంచి పోయింది. మన కాసులపేరులో ఉన్న కాసే. మూడు మాటలూ ఒకేలా వినబడతాయి గానీ మూడింటివీ వేరే పుట్టిళ్ళు.

ఫ్రెంచిలో మాత్రం మంచి గందరగోళం జరిగింది. అక్కడ అకజూ అంటే ఇప్పుడు మహోగని కలప! బీరువాలు, పియానోలు చేసే ఎర్రకర్ర. పప్పు కావాలంటే ముందు గింజ అనే మాట చేర్చి నువా ద కజూ అనాలి.

పక్క రాష్ట్రాల్లో ఏమంటారు?

ముందు తమిళం. వాళ్ళకి ముందిరి అంటే జీడిపప్పు. కడలూరు జిల్లా పణ్రుట్టి వెళితే మన పలాసకి వెళ్ళినట్టే ఉంటుంది, అక్కడా జీడి, పనస రెండూ ప్రసిద్ధం. అదే మాట పట్టుకుని కేరళ వెళ్ళి ముందిరి అడిగితే ద్రాక్షపళ్ళు ఇస్తారు. మలయాళంలో ముందిరి అంటే ద్రాక్ష. తమిళంలోనూ ద్రాక్షని కొడి ముందిరి, అంటే తీగ ముందిరి అంటారు.

ముందిరికి తమిళంలో ఇంకో అర్థం ఉంది, అది నాకు భలే ఇష్టం. పాత తమిళ లెక్కల్లో ముందిరి అంటే 320లో ఒక వంతు. ఇటు జీడిపప్పు వ్యాపారంలో ఎక్కువగా అమ్ముడయ్యే రకం పేరు డబ్ల్యూ 320, పౌనుకి అంటే 454 గ్రాములకి 300 నుంచి 320 గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగే రకం. ఈ రెండు 320లకీ ఏ చుట్టరికమూ లేదు, ఊరికే కలిశాయి. అయినా నేను చెప్పకుండా ఉండలేను.

మలయాళంలో పప్పుని కశువండి అంటారు. కశు అనేది పోర్చుగీసు కజు, అండి అంటే గింజ. ఇంకో పేరు పరంగియండి. పరంగి అంటే ఫిరంగీ, అంటే పోర్చుగీసువాడు. వచ్చినవాడి పేరే గింజకి పెట్టారు. తమిళంలో పరంగిక్కాయ్ అంటే మాత్రం గుమ్మడికాయ. పరదేశం నుంచి ఏది దిగినా పరంగి అనేశారన్నమాట.

కన్నడంలో గోడంబి అనే మాట ఉంది. తీరంవైపు, మంగళూరు పక్కన గేరు అంటారు. ఈ గేరు కథ మన జీడి కథే. అక్కడ నల్లజీడిని కరిగేరు అంటారు. పాత చెట్టు పేరు కొత్త చెట్టుకి ఇచ్చి, పాతదానికి నలుపు తగిలించారు. మనం జీడిని నల్లజీడి చేసినట్టే. తెలుగువాళ్ళూ కన్నడిగులూ వేరువేరు తీరాల్లో కూర్చుని ఒకే పని చేశారు.

బెంగాలీలో హిజ్లీ బాదం అని ఉంది. మేదినీపూర్ వైపు ఉన్న హిజ్లీ తీరం పేరు మీద.

దేశం దాటితే?

ఇక్కడ దిక్కులన్నీ తారుమారవుతాయి. ఇరాన్‌లో పారశీకవాళ్ళు దీన్ని బాదామె హిందీ అంటారు, హిందూదేశపు బాదం. బర్మాలో తీహో తయెత్, అంటే సింహళ మామిడి. థాయ్‌లాండ్‌లో మామువాంగ్ హిమ్మపాన్, పురాణాల్లో చెప్పే హిమవంత అడవి మామిడి. బ్రెజిల్ చెట్టు బర్మాలో లంకది అయింది, ఇరాన్‌లో మనది అయింది, థాయ్‌లాండ్‌లో పురాణాల అడవిది అయింది. ఎవరి దగ్గరికి ఏ దారిన వచ్చిందో ఆ దారినే పుట్టిల్లనుకున్నారు. బర్మా, థాయ్ వాళ్ళు కూడా మనలాగే మామిడిని గుర్తుపట్టారు చూశారా!

ఇండోనేషియాలో జంబు మోన్యెత్, కోతి జంబు. ఆ జంబు మన జంబూఫలంలోనిదే. తూర్పు ఆఫ్రికాలో స్వాహిలీవాళ్ళు గింజని కొరోషో అంటారు, పండుని బిబో అంటారు. రెంటికీ వేరువేరు మాటలుండడం తోటలో పనిచేసే జనం భాష లక్షణం. స్పెయిన్‌లో అనకార్డో, మధ్య అమెరికాలో మరన్యోన్, వెనిజులాలో మెరెయ్.

జర్మనీవాళ్ళు పూర్వం మందులషాపుల్లో నల్లజీడినీ, జీడిపిక్కనీ కలిపి ఏనుగుపేను అనేవాళ్ళు. నల్లజీడి కాయని అరచేతిలో పెట్టుకుని చూడండి, నిజంగానే అలా ఉంటుంది.

శాస్త్రీయనామంలో గుండె ఉందంటారు, నిజమేనా?

అనకార్డియం ఆక్సిడెంటాలే. మొదటి మాటలో ఉన్న కార్డియా గ్రీకులో గుండె. గుండె డాక్టరుని కార్డియాలజిస్టు అంటున్నాంగా, అదే. గుండె ఆకారంలో ఉందని ఈ పేరు మొదట ఐరోపాలో పెట్టింది మన నల్లజీడికే. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆ పేరు తీసి అమెరికా చెట్టుకి ఖాయం చేశాడు, పడమటిది అనే అర్థంలో ఆక్సిడెంటాలే చేర్చాడు. ఆ తరువాత నల్లజీడికి కొత్తగా సెమికార్పస్ అని పెట్టాల్సి వచ్చింది. అంటే తెలుగులో ఏం జరిగిందో లాటిన్‌లోనూ అదే జరిగింది. నల్లజీడి పేరు మళ్ళీ జీడిమామిడికి పోయింది.

అరబ్బీలో నల్లజీడి బలాదుర్. జ్ఞాపకశక్తికి మందుగా వాడేవాళ్ళు, మోతాదు మించితే మతి పోయేదట. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఉన్న చరిత్రకారుడు అల్ బలాదురి ఇంటిపేరు ఈ గింజ నుంచే వచ్చింది. ఆ కుటుంబంలో ఒకరు బలాదుర్ రసం తాగి మతి చెడగొట్టుకున్నారని ఒక కథ. ఇస్లాం తొలి దండయాత్రల గురించి రాసిన పెద్ద చరిత్రకారుడి పేరులో మన అడవి జీడి ఉందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. (నల్లజీడి విషం. శుద్ధి చేయకుండా ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయకండి.)

జాతరలో అమ్మే జీళ్ళు జీడిపప్పుతో చేస్తారా?

చేయరు. హైదరాబాదు నుంచి వచ్చిన మా స్నేహితుడొకడు రథసప్తమికి అరసవల్లి వచ్చి, "జీళ్ళండీ జీళ్ళు" అన్న కేక విని వంద రూపాయలు తీసి ఇచ్చాడు. పొట్లం విప్పితే బెల్లం జీళ్ళు, పైన నాలుగు నువ్వులు. పప్పేదీ అని వెతుక్కున్నాడు పాపం. బెల్లంపాకం ముదరబెట్టి, కాస్త ఆరాక మేకుకి తగిలించి లాగి, మడిచి, మళ్ళీ లాగి, తెల్లబడ్డాక ముక్కలు కోస్తారు. పంటికి అతుక్కుంటే ఓ పట్టాన వదలదు. జీడి సొన కూడా వేలికి అంటితే అంతే. ఆ అంటుకునే గుణమే రెండు పేర్లనీ కలిపిందని నాకు అనిపిస్తుంది. టీవీ సీరియల్‌ని జీడిపాకంలా సాగదీస్తున్నారంటాం కదా, ఆ జీడి ఈ బెల్లం జీడే.

మామిడి టెంకలో ఉండే పప్పుని కూడా జీడి అంటాం. మామిడి జీడి ఎండబెట్టి పొడిచేసి విరేచనాలకి మందుగా ఇచ్చేవాళ్ళు. ఏజెన్సీలో టెంకపిండితో అంబలి కాచుకోవడమూ ఉంది.

మీవైపు జీడిపిక్కలు అంటారేమిటి? పిక్క కాలికి కదా ఉండేది?

మాకు రెండూ ఉన్నాయి! శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గింజని పిక్క అంటాం. చింతపిక్కలు, పనసపిక్కలు, జీడిపిక్కలు. కాలిపిక్క అంటే మోకాలి కింద వెనకవైపు. గుంటూరు నుంచి వచ్చిన కోడలు "పిక్కలు ఎండబెట్టమ్మా" అన్న అత్తగారి మాట విని కంగారుపడిందని మా వీధిలో చెప్పుకుంటారు.

రైతు దగ్గర ఉన్నంతవరకు అది పిక్క. 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. ఫ్యాక్టరీలో కొట్టాక పప్పు. విరగనిది గుండు, రెండుగా చీలింది బద్ద, మిగిలింది ముక్క. పలాస ఫ్యాక్టరీలకి ఇక్కడి పిక్కలు చాలవు, ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా దిగుమతి అవుతాయి. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో ఇటు వచ్చిన గింజ బంధువులే మళ్ళీ ఓడల్లో ఇటే వస్తున్నాయి.

పచ్చి జీడిపప్పు అని ప్యాకెట్ మీద ఉంటుంది. నిజంగా పచ్చిదేనా?

కాదు. వేయించనిది అని మాత్రమే దాని అర్థం. పిక్కని ఆవిరి పెట్టో, కాల్చో, తొక్కలోని నూనె పప్పుకి అంటకుండా తీయకపోతే తినలేం. మావైపు పచ్చిపప్పు అంటే వేరు. ఎండాకాలం మొదట్లో, పిక్క ఇంకా ముదరకముందు, కత్తితో చీల్చి తీసిన లేతపప్పు. వంకాయతోనో మునక్కాడతోనో కూర వండుతారు. దాని రుచి ప్యాకెట్ పప్పుకి రాదు.

మా చిన్నప్పుడు తోటలో చిల్లులుపెట్టిన రేకు మీద పిక్కలు పోసి కింద చితుకులు అంటించేవాళ్ళం. కాసేపటికి తొక్కలోంచి నూనె కారి చిమ్ముకుంటూ మంట లేచేది, పొగ కళ్ళల్లో కొట్టేది. రేకు తిరగేసి ఇసుక చల్లి, చల్లారాక రాయితో కొట్టుకుని తినేవాళ్ళం. నేనొకసారి అంతసేపు ఆగలేక పచ్చిపిక్క కొరికాను. "ఒరే, పిక్క నోట్లో ఎట్టకురా" అని అమ్మమ్మ అరిచేసరికే ఆలస్యమైపోయింది. మూతి వాచి, పెదవి మీద తోలు ఊడి, వారం రోజులు గంజి తాగాను. అప్పటినుంచీ జీడి అన్న మాట ఎక్కడ విన్నా నా పై పెదవికి ముందు తెలుస్తుంది.

జీడిపండు పండే కదా?

పండులా తింటాం గానీ అసలు కాయ కింద వేలాడే పిక్కే. ఎర్రగా పసుప్పచ్చగా ఉన్నది కాడ ఉబ్బి అలా అయింది. గోవాలో దాని రసంతో ఫెనీ అనే మద్యం చేస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ప్యాకెట్ల మీద కాజూ అనే ఉంటోంది. జీడి అనడం మానేస్తే ఏం పోతుంది?

నాకైతే చాలా పోతుంది. కాజూ తియ్యటి మాటే, దాని చరిత్రకి నేను దండం పెడతాను. కానీ అది పండు పేరు. ఇరాన్ మాటలో పప్పు ఉంది, మలయాళం మాటలో తెచ్చినవాడు ఉన్నాడు. జీడి అనే మాటలో మాత్రం పిక్క కొట్టే మనిషి చెయ్యి ఉంది.

మా అమ్మ పెళ్ళికి ముందు నాలుగేళ్ళు పిక్కలు కొట్టింది. పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని కూర్చునేవారట. అయినా నూనె గోళ్ళ సందుల్లోకి దిగేది. బొటనవేలు, చూపుడువేలు కొసలు నల్లబడి, తోలు పొరలుపొరలుగా లేచేది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు వేళ్ళు చూస్తారేమోనని నిమ్మచెక్కతో రుద్దుకుంటూ కూర్చుందట. పోలేదు. తాతగారి పంచె మీద మూడు చుక్కలు పోనట్టే. మా నాన్న ఆ వేళ్ళు చూసే, "జీడి పనా?" అని అడిగి, తన తల్లి చేతులూ అలాగే ఉంటాయని చెప్పారట. ఇప్పుడు మెషిన్లు వచ్చాయి, గ్లౌజులు వచ్చాయి. అయినా చేతుల మీద మరకలున్న ఆడవాళ్ళు మా వీధుల్లో ఇంకా కనబడతారు. వాళ్ళు చేసే పనికి వాళ్ళ నోట ఉన్న పేరే ప్యాకెట్ మీద ఉండాలని నా కోరిక.

తుపీవాళ్ళలా మీరు కూడా జీడికాపుతో ఏళ్ళు లెక్కపెడతారా?

పెళ్ళి ఎప్పుడంటే "పిక్కల కాలం అయ్యాక" అనడం మామూలే. అప్పులు తీరేదీ అప్పుడే. కానీ ఉద్దానంలో ఏళ్ళు లెక్కపెట్టే మాట 2018 నుంచి మారింది. ఆ ఏడాది అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తుపాను పేరు తిత్లీ. పాకిస్తాన్ ఇచ్చిన పేరు, సీతాకోకచిలుక అని అర్థం. హిందీ చదువుకున్న పిల్లలు ఆ అర్థం చెబితే మా పెద్దవాళ్ళు నమ్మలేదు. ఒక్క రాత్రిలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన ఊళ్ళలో తిత్లీ అంటే సీతాకోకచిలుక ఎలా అవుతుంది? ఇప్పుడు అక్కడ "మా అబ్బాయి తిత్లీకి ముందు పుట్టాడు", "తిత్లీ తరువాత కట్టిన ఇల్లు" అంటారు.

మా మేనమామగారి తోటలో అంటుమొక్కలు ఆ మరుసటి ఏడాదే నాటారు. అంటుజీడి మూడో ఏట కాపు మొదలుపెడుతుంది. మొదటి కాపుకి వచ్చిన పిక్కలు నాలుగు కిలోలు కూడా లేవు. అమ్మకుండా రేకు మీద పోసి, పిల్లలందర్నీ పిలిచి కాల్చారు.